చూసిన తేదీ, వచ్చిన తేదీ

ఇంటి నుంచి,
జూన్ 4, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మీ పేపరు నిన్న అందింది. మీ బావ పేపరు మానేసి మూడేళ్లయింది కదా, "సాయంత్రానికి పాతబడేది పొద్దున్నే ఎందుకు" అంటారు. అలాంటి మనిషి నిన్న కళ్లజోడు వెతికి మరీ చదివారు. 'కుళాయిలో రంగునీళ్లు: అద్దకం షెడ్డుపై అనుమానం' అని శీర్షిక బాగా పెట్టావు. 'ఒక గృహిణి రెండేళ్లుగా రాస్తున్న నోటుపుస్తకం' అని నా గురించి రాసిన వాక్యం నేను నాలుగుసార్లు చదివాను. ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వుకో.

ఆ పుస్తకం ఎలా రాస్తానో వివరంగా చెప్పమన్నావు. రెండేళ్ల కిందట మా నీళ్ల ఆఫీసు వాళ్లు వాల్వు తిప్పే తాతను ఇంటికి పంపేసి యంత్రం పెట్టారు. దానికదే తెరుచుకుంటుంది, దానికదే మూసుకుంటుంది. ఫోనులో ఒక యాప్ కూడా ఇచ్చారు. అందులో ప్రతి వీధికీ ఒక చుక్క ఉంటుంది. నీళ్లు బాగుంటే పచ్చచుక్క, బాగాలేకపోతే ఎర్రచుక్క. కొన్నాళ్లకు ఒకరోజు నా గిన్నెలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి, ఫోనులో చుక్క పచ్చగా ఉంది. ఆ రోజే కొత్త నోటుపుస్తకం తెచ్చుకున్నాను.

పొద్దున ఆరింటికి, పొయ్యి వెలిగించకముందే, మూత పెట్టిన బకెట్లోంచి తెల్ల పింగాణీ గిన్నెలోకి నీళ్లు ముంచి కిటికీ దగ్గర పెడతాను. చూస్తాను, వాసన చూస్తాను, రాస్తాను. నావి మూడే మాటలు: తెలుపు, టీ రంగు, ఎరుపు. ఒక్కరోజు కూడా మానలేదు. మీ బావకు జ్వరం వచ్చిన వారం కూడా రాశాను.

ఎరుపు అన్నీ మంగళవారం, శుక్రవారం పేజీల్లోనే ఉన్నాయి. వీధి చివర అద్దకం మేస్త్రి దుప్పట్లకీ కర్టెన్లకీ రంగు కాచేది ఆ రెండు రోజులే. ఈ మాట అందరికీ తెలుసు. షెడ్డు ముందు మురుక్కాలవలో ఎర్రటి నురగను ఎవరో ఫొటో తీసి మా వీధి గ్రూపులో పెట్టారు. కింది వాటా టీచరమ్మ, నా పుస్తకం చూసి పెట్టిన పేరుతో నన్నే అడిగింది: "లెక్కలమ్మగారూ, మీ పుస్తకం ఏమంటోంది, నిజమేనా?" నేను, "నిజమే. మంగళ, శుక్రవారాలు. రాసి ఉంది" అని పెట్టాను. అంతే, నలభై ఒక్క బొటనవేళ్లు లేచాయి. అంతకుముందు నేను ఆ గ్రూపులో ఏం పెట్టినా ఇద్దరో ముగ్గురో.

మీ బావ ఫోను చెప్పింది నమ్ముతారు. టీచరమ్మ ఆఖరున ఎవరు చెబితే వాళ్లను నమ్ముతుంది. నేను కళ్లతో చూసింది నమ్ముతాను. అదీ నమ్మకపోతే ఇంకేం మిగులుతుంది చెప్పు.

ఒక్క సంగతి. వార్త చివర, 'వివరణ కోసం ప్రయత్నించగా షెడ్డు యజమాని అందుబాటులోకి రాలేదు' అని ఉంది. ఆ మనిషి షెడ్డు వదిలి వీధి మలుపు కూడా దాటడు. నువ్వు ఏ టైములో ఫోన్ చేశావు? భోజనానికి కూర్చున్నప్పుడేమో.

మరదలిని అడిగానని చెప్పు. మళ్లీ ప్లాస్టిక్ సీసాల నీళ్లకు అలవాటు పడిందా, లేక కాచి తాగుతోందా?

నీ అక్క


ఆఫీసు నుంచి,
జూన్ 10, సోమవారం

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మా డెస్కులో ముగ్గురు చదివారు. నాకు ఇప్పటికీ పోస్టులో ఉత్తరాలు వస్తాయంటే ఇక్కడ నన్నో వింత జంతువును చూసినట్టు చూస్తారు. ఫోనులో చెప్పింది చెవిలోనే పోతుంది, రాసింది నిలబడుతుంది అని నేను హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు చెప్పిన మాట వాళ్లకు చెప్పాను. వెంటనే ఒకడు ఆ మాటను ఫోనులో ఎక్కించుకున్నాడు.

వార్త బాగా వెళ్లింది. మా ఎడిటరు నా కుర్చీ దాకా వచ్చి, "ఆ నోటుపుస్తకం ఎక్కడ దొరికిందయ్యా" అన్నాడు. మా నలుగురు విలేకరులు ఏడాదంతా తిరిగినా అంత పద్ధతిగా తేదీలు తేలేదు. మా అక్కదని చెప్పలేదు, చెబితే సొంతడబ్బా అంటారు. మన వైపు పేజీలు చూసే ఇన్‌ఛార్జి వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాదే అని అందరూ అంటున్నారు. పదకొండేళ్లుగా అనుకుంటున్నదే. ఈసారి మాత్రం నీ పుస్తకం పుణ్యమా అని నిజమయ్యేలా ఉంది.

పేపరును ఎవరూ నమ్మడం లేదని రోజూ వింటున్నాం. నన్నడిగితే నమ్మకం పోలేదు, ఓపిక పోయింది. శీర్షిక చదివి కోపం తెచ్చుకుంటారు, రెండో పేరా దాకా రారు. నీలాంటివాళ్లు ఊరికొక్కరు ఉంటే మా పని తేలిక.

ఫోన్ సంగతి పట్టించుకోకు. అది మా దగ్గర వాడుక వాక్యం.

మీ మరదలు కాచే తాగుతోంది. ఆఫీసులో ఏసీ నా తల మీద కారుతోంది, దాని కింద బకెట్ పెట్టాం. ఆ నీళ్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి, నీ పుస్తకంలో రాసుకో.

ఈ రెండు వారాల పేజీలు కూడా పంపు. రెండో వార్త వేద్దాం.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
జూన్ 26, బుధవారం

తమ్ముడికి,

పోయిన గురువారం షెడ్డుకు సీలు వేశారు. లైసెన్సు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. తాళానికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, తలుపు మీద కాగితం అంటించారు. లోపల పనిచేసే ఏడుగురూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. మేస్త్రికి మోచేతుల దాకా రంగు. ఎప్పుడూ అలాగే ఉంటాడు, కానీ ఆ రోజు జనం ఆ చేతుల్నే చూశారు. ఆయన వాటిని వెనక్కి పెట్టుకున్నాడు.

గ్రూపులో సంబరం. నీళ్లు బాగుపడ్డాయట. టీచరమ్మకు తను పెట్టుకున్న టీ కూడా రుచిగా ఉందట. పేపరులో పడితే తప్ప పని జరగదని ఒకరు, మనందరి ఐకమత్యం అని ఇంకొకరు.

సోమవారం మధ్యాహ్నం మేస్త్రి భార్య మా ఇంటికి వచ్చింది. గొడవకు వచ్చిందేమోనని మీ బావ లోపలి గదిలోంచి దగ్గారు. ఆవిడ గొంతు కూడా పెంచలేదు.

"మా ఆయన గురించి రాసిన పుస్తకం ఒకసారి చూపిస్తారా అమ్మా?" అంది.

ఇచ్చాను. బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టి పేజీ పేజీ చదివింది. గంట పట్టింది. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. చివరికి ఒక్క ప్రశ్న అడిగింది.

"ఈ నీళ్లు ఎప్పుడు పట్టినవమ్మా?"

"పొద్దున" అన్నాను.

ఆవిడ నా మొహం చూసి, పుస్తకం మూసి, వెళ్లిపోయింది.

వేరే విశేషాలు లేవు. నువ్వు అడిగిన పేజీలు పంపడం లేదు. చేతి నొప్పిగా ఉంది.

నీ అక్క


ఆఫీసు నుంచి,
జూలై 3, బుధవారం

అక్కకు,

చేతి నొప్పి అంటూనే నాలుగు పేజీలు రాశావు. నువ్వు దాచలేవు, నేను కనిపెట్టకుండా ఉండలేను, చిన్నప్పటి నుంచీ ఇదే వరస. ఏమైంది? ఆ మేస్త్రి మనుషులు ఎవరైనా బెదిరిస్తున్నారా? అలాగైతే చెప్పు, అదీ వార్తే.

'పత్రిక కథనానికి స్పందన' అని సీలు వేసిన ఫొటోతో బాక్సు కట్టి వేశాం, పంపుతున్నాను. జూలై 30న లైసెన్సు ఆఫీసులో విచారణ ఉందట. ఆ రోజు మేస్త్రి తన వాదన చెప్పుకోవచ్చు, లేకపోతే లైసెన్సు రద్దు. మా విలేకరి వెళ్లి ఫైలు చూశాడు. అందులో ఉన్నది ఒకే ఒక కాగితం, మన వార్త కత్తిరింపు. నీళ్ల పరీక్ష ఏదీ చేయించలేదు. యాప్‌లో పచ్చచుక్క ఉంటే పరీక్ష చేయడానికి వీల్లేదని నీళ్ల ఆఫీసు అందట. చూశావా, యంత్రం చెప్పిందాని కన్నా నువ్వు చెప్పిందే పనికొచ్చింది.

కుర్చీ సంగతి దాదాపు ఖాయం. ఒకటో తారీకు నుంచి అంటున్నారు. మీ మరదలు నాకు రెండు చొక్కాలు కొంది.

పేజీలు పంపు.

తమ్ముడు


ఇంటి నుంచి,
జూలై 9, మంగళవారం

తమ్ముడికి,

ఇవాళ పేజీలో 'ఎరుపు' అని రాసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

జూన్ 21 శుక్రవారం ఎరుపు. షెడ్డుకు సీలు పడిన మర్నాడు అది. 25 ఎరుపు, 28 ఎరుపు. జూలై 2, 5, ఇవాళ, అన్నీ ఎరుపే. షెడ్డు తలుపుకు లక్క అలాగే ఉంది. మొదటిసారి గొట్టాల్లో మిగిలిన పాత రంగు అనుకున్నాను. వీధిలో వాళ్లు ఎర్రగా ఉన్న నీళ్లనే పట్టుకుని, ఇదివరకటి కన్నా నయం అంటున్నారు. నేను అదీ అనలేకపోయాను, ఇదీ అనలేకపోయాను.

మేస్త్రి భార్యకు నేను చెప్పిన జవాబు తప్పు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నోటికి అలా వచ్చింది. మా కుళాయి వచ్చేది సాయంత్రం ఆరింటికి, ఒక గంట. అప్పుడు పట్టి మూత పెడతాను. పొద్దున వెలుతురులో చూస్తాను. చూసిన రోజు తేదీ వేస్తాను. రెండేళ్లుగా నేను రాసింది నీళ్లను చూసిన తేదీ, నీళ్లు వచ్చిన తేదీ కాదు.

మంగళవారం పేజీలో ఉన్న ఎరుపు సోమవారం సాయంత్రం నీళ్లది. శుక్రవారం పేజీలోది గురువారం సాయంత్రానిది. మేస్త్రి అప్పటికి పొయ్యి కూడా వెలిగించడు. ఆయన మంగళవారం మధ్యాహ్నం వదిలిన రంగు మా కుళాయిలోకి వస్తే బుధవారం పేజీ ఎర్రగా ఉండాలి. రెండేళ్ల బుధవారాలు చూశాను, శనివారాలు చూశాను. అన్నీ తెలుపు. ఆయన తప్పు చేయలేదని నా పుస్తకమే చెబుతోంది. నేనే దాన్ని తిరగేసి చదివాను.

వాల్వు తాత ఇంటికి వెళ్లాను. రైలు గేటు అవతల కూతురి ఇంట్లో ఉంటున్నాడు. సోమ, గురువారాలు మన వీధికి పాత ఇనప ట్యాంకు నీళ్లు, మిగతా రోజులు కొత్త ట్యాంకువి వస్తాయని చెప్పాడు. తుప్పు పట్టిన ట్యాంకు. మొదటి పావుగంట నీళ్లు పనికిరావు. ఆయన ఉన్నప్పుడు ఆ పావుగంట నీళ్లు పక్క వాల్వు తెరిచి కాలవలోకి వదిలేసి, అరచేతిలో పట్టి చూసి, తెల్లబడ్డాక మనకు తిప్పేవాడట. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసిలేదు. అందుకే యంత్రానికి ఆ పని ఎవరూ నేర్పలేదు. యాప్‌లో చుక్క కొత్త ట్యాంకు దగ్గర కొలిచి పెడతారట. పాతదాని దగ్గర కొలిచే పరికరమే లేదు. "ఆఫీసుకు వెళ్లి చెప్పానమ్మా, చుక్క పచ్చగా ఉంది కదా తాతా, ఇంటికెళ్లి పడుకో అన్నారు" అన్నాడు.

ఇంకొకటి దాచాను. ఇదంతా నాకు ఇవాళ తెలిసింది కాదు. ఆవిడ ప్రశ్న అడిగి వెళ్లిన సాయంత్రమే, కుళాయి కింద బకెట్ పెడుతూ ఉంటే తెలిసింది. మర్నాడే తాత దగ్గరకు వెళ్లి వచ్చాను. ఆ తర్వాతే నీకు చేతి నొప్పి అని రాశాను. రెండు వారాలు ఊరుకున్నాను. నలభై ఒక్కమంది ఎదుట తప్పు ఒప్పుకోవడం ఎలాగా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఏడుగురిలో ఇద్దరు ఊరు విడిచి వెళ్లారు ఈలోపు.

నేను పొరబడ్డానని మీ పేపరులో వెయ్యి. విచారణ 30న అంటున్నావు, అంతకు ముందే రావాలి. ఫైలులో మొదటి కాగితం మీదే అయినప్పుడు రెండో కాగితం కూడా మీదే ఉండాలి.

మళ్లీ అడుగుతున్నాను, నువ్వు ఆయనకు ఫోన్ చేశావా?

అక్క


ఆఫీసు నుంచి,
జూలై 13, శనివారం

అక్కయ్యకు,

ఉత్తరం అందింది. నువ్వు ఎక్కువగా మనసుకు పట్టించుకుంటున్నావు.

సవరణ వేయడం నువ్వు అనుకున్నంత తేలిక కాదు. మన వార్తలో 'అనుమానం' అనే రాశాం, 'నేరం' అని రాయలేదు. చట్టం ప్రకారం మనం తప్పు ఏమీ రాయలేదు. సీలు వేసింది ఆఫీసువాళ్లు, మనం కాదు. పైగా ఆ మేస్త్రి మాత్రం శుద్ధపూసా? కాలవలో నురగ అబద్ధం కాదు కదా, కాలవ దిగువన చేపలు చచ్చిపోతున్న మాట అబద్ధం కాదు కదా. కుళాయి విషయంలో కాకపోతే కాలవ విషయంలో.

ఈ రోజుల్లో ఒక సవరణ వేస్తే వంద ఫోనుల్లో అది తిరుగుతుంది. 'పేపరువాళ్లే ఒప్పుకున్నారు, వీళ్లు రాసేవన్నీ ఇంతే' అంటారు. ఉన్న నాలుగు నమ్మకాల్లో ఒకటి పోతుంది. పెద్ద నిజం కోసం చిన్నవి కొన్ని చూసీచూడనట్టు పోవాలి.

ఒకటో తారీకు దాటనీ. ఇన్‌ఛార్జిగా కూర్చున్నాక పాత ట్యాంకు గురించి నేనే పెద్ద వార్త వేయిస్తాను. అందులో మేస్త్రి సంగతి దానంతటదే తేలిపోతుంది.

ఇక్కడ అందరూ కులాసా.

తమ్ముడు


ఇంటి నుంచి,
జూలై 17, బుధవారం

తమ్ముడికి,

ఒకటో తారీకు దాటనీ అన్నావు. విచారణ ముప్పైన. లైసెన్సు పోయాక వచ్చే పెద్ద వార్త ఆయనకు దేనికి, చుట్టుకోవడానికా?

కాలవ సంగతి నేనూ వదల్లేదు. మేస్త్రి ఇంటికి వెళ్లి అడిగాను. రంగునీళ్లు ఇసుక గుంటలో ఒక రోజు నిలవ ఉంచి వదలాలట. వానలప్పుడు గుంట నిండిపోయి తిన్నగా వదిలేశానని తనే చెప్పాడు, కళ్లు దించుకుని. అది తప్పే, అలాగని ఆయన మొహం మీదే అన్నాను. కాలవకు చేసింది కాలవ లెక్కలో అడుగుదాం. చెయ్యని దానికి శిక్ష వేసి, చేసినదానికి చెల్లు అనుకోవడం ఏం న్యాయం? అలాగైతే రేపు నువ్వు బట్టలు సరిగా మడతపెట్టలేదని నిన్ను దొంగతనం కింద పట్టుకోవచ్చు.

నీ ఉత్తరంలో 'మన వార్త', 'మనం తప్పు ఏమీ రాయలేదు' అని ఉంది. నా తప్పును నీ మనంలో కలుపుకోవద్దు, నీ తప్పును నా పుస్తకం వెనక దాచుకోవద్దు. ఎవరిది వాళ్లు మోద్దాం.

30న నేను ఆ ఆఫీసుకు వెళుతున్నాను. పుస్తకం పట్టుకెళతాను. ఆ వార్త ఎవరు రాశారని అడిగితే మా తమ్ముడని చెబుతాను. అడగకపోతే చెప్పను. అడగకూడదని కోరుకోవడం కూడా లేదు. మీ బావ ఇది చదివి, తమ్ముడి కుర్చీ లాగేస్తావా అన్నారు. రాత్రంతా నాకూ అదే బాధ. కానీ ఆవిడ మా బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో తేదీ చదివిన గంట నాకు కళ్ల ముందే ఉంది. ఆ గంటలో ఆవిడ ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు.

మూడోసారి అడుగుతున్నాను. ఫోన్ చేశావా, లేదా?

అక్క


ఆఫీసు నుంచి,
జూలై 24, బుధవారం

అక్కా,

చేయలేదు.

మా కంప్యూటర్లలో వాడుక వాక్యాలు దాచి ఉంటాయి. 'వివరణ' అని మొదలుపెడితే చాలు, 'కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు' అని మిగతాదంతా అదే రాసేస్తుంది. పేజీ వెళ్లే టైముకు ఇంకా ఇరవై నిమిషాలుంది. నంబరు నా ముందే ఉంది. అక్క చెప్పింది కదా, అక్క చెప్పిందంటే ఇంక అడగాల్సింది ఏముంది అనుకున్నాను. నువ్వు తప్పు రాస్తావని నాకు ఎప్పుడూ తోచలేదు. నిన్ను నమ్మడం తప్పు కాదు. నిన్ను నమ్మాను కాబట్టి ఇంకొకర్ని అడగక్కర్లేదనుకోవడం తప్పు. చేయని ఫోను చేసినట్టు రాయడం అబద్ధం. దానికి వేరే పేరు పెట్టాలని వారం రోజులు చూశాను, దొరకలేదు.

నీ ఉత్తరాలు రెండూ ఎడిటరుకు చూపించాను. చదివి పక్కన పెట్టాడు. "ఇది వేస్తే ఆ కుర్చీ నీకు ఇవ్వలేనయ్యా" అన్నాడు. తెలుసన్నాను. తెలిసే వచ్చానని ధైర్యంగా అన్నాననుకోకు.

నిన్నటి పేపరులో వచ్చింది. ఏడో పేజీ, బస్సు వేళల కింద. మా పేపరులో సవరణ కింద పేరు వేయరు, నేను అడిగి వేయించుకున్నాను. కత్తిరింపు రెండు ప్రతులు పంపుతున్నాను, ఒకటి ఫైలుకు. నీకు వెతుక్కునే పని లేకుండా ఇక్కడ రాస్తున్నాను:

'జూన్ 3న ప్రచురించిన రంగునీళ్ల వార్తలోని తేదీలు నీళ్లు పరిశీలించిన రోజువి, నీళ్లు సరఫరా అయిన రోజువి కావు. సరఫరా తేదీల ప్రకారం అద్దకం షెడ్డుకు ఆ రంగుతో సంబంధం కనబడదు. షెడ్డు యజమానిని వివరణ కోరినట్టు రాసింది నిజం కాదు. ఆయనను ఎవరూ అడగలేదు. ఇందుకు చింతిస్తున్నాం.'

అది రాశాక ఆ నంబరుకు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. పేరు, ఊరు చెప్పుకుని, మీరు అప్పుడు అందుబాటులో లేరని రాసింది నేనేనండీ అన్నాను. ఆయన, "నేనెప్పుడూ ఇక్కడే ఉంటానండీ. మీరు చేసిందెప్పుడు?" అన్నాడు. వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

ఒకటో తారీకు నుంచి నన్ను బస్సు వేళలు, కూరగాయల ధరలు చూడమన్నారు. ఇవాళే మొదలుపెట్టాను. డిపోకు ఫోన్ చేసి, ఆరూ పది బస్సు నిజంగా ఆరూ పదికే బయల్దేరుతోందా అని అడిగాను. అవతలివాడు, "పదేళ్లలో ఈ మాట అడిగింది మీరొక్కరే సార్, అది పోయినేడే ఆపేశాం" అన్నాడు. మేం ఇప్పటికీ రోజూ అచ్చువేస్తున్నాం.

మీ మరదలు కొత్త చొక్కాలు వెనక్కి ఇవ్వనంది. బస్సులకు మాత్రం మర్యాద అక్కర్లేదా అంది.

30న నిన్ను అడిగితే నా పేరు చెప్పు. అడక్కపోయినా చెప్పు.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
ఆగస్టు 6, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. విచారణ జరిగిన గది నీ హాస్టలు వార్డెను గది అంత ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, బీరువాల నిండా ఫైళ్లు. మేస్త్రి, ఆయన భార్య గోడ పక్క బెంచీ మీద కూర్చున్నారు. నన్ను చూసి మేస్త్రి లేచి నిలబడ్డాడు, ఆవిడ లేవలేదు. నీ కత్తిరింపు ఇచ్చాను. ఆఫీసరు రెండుసార్లు చదివి, కింద పేరు చూపించి ఈయన ఎవరన్నాడు. మా తమ్ముడండీ అన్నాను.

"మొదట మీరే అవునన్నారు, ఇప్పుడు మీరే కాదంటున్నారు. మీ తమ్ముడూ అంతే. మిమ్మల్ని నేనెలా నమ్మేది?" అన్నాడు.

కోపంగా అనలేదు. పాపం, ఆయన ఇబ్బంది ఆయనది.

"నమ్మొద్దండీ. గురువారం సాయంత్రం ఆరింటికి మా వీధికి రండి. కుళాయి దగ్గర నిలబడండి" అన్నాను.

వస్తాడనుకోలేదు. వచ్చాడు, నీళ్ల ఆఫీసు ఇంజినీరును కూడా వెంటబెట్టుకుని. వాల్వు తాతను నేను ఆటోలో తీసుకొచ్చాను. గ్రూపులో కబురు పెట్టాను, 'నేను తప్పు చెప్పాను, వచ్చి చూడండి' అని. దానికి బొటనవేళ్లు ఆరు. మనుషులు మాత్రం ముప్పైమంది దాకా వచ్చారు. తప్పు చూడ్డానికి ఎవరికైనా తీరిక దొరుకుతుంది.

ఆరూ రెండుకు కుళాయి దగ్గింది. ముందు గాలి, తర్వాత ఎరుపు. తెల్ల గిన్నె కింద పెట్టి నింపి, అరుగు మీద పెట్టాను. ఇంజినీరు ఫోను తీసి చూసుకున్నాడు. చుక్క పచ్చగానే ఉంది. ఆయన ఫోను వంకా, గిన్నె వంకా మార్చి మార్చి చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు మేస్త్రి ముందుకు వచ్చాడు. రంగు వెలిసిన చేతులు, నలభై రెండు రోజులుగా పని లేక మామూలు మనుషుల చేతుల్లా ఉన్నాయి. ఒక వేలు గిన్నెలో ముంచి, రెండో వేలికి రాసి చూసుకుని, గిన్నె వంచి నీళ్లు పారబోశాడు. చేత్తో ఒక్కసారి తుడిచాడు. గిన్నె తెల్లగా ఉంది.

"ఇది నా ఎరుపు కాదండీ. నాదైతే పోదు" అన్నాడు ఆఫీసరుతో.

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, పని గురించి అడిగితే చెప్పినట్టే చెప్పాడు.

పాత ట్యాంకు వారంలో కడిగిస్తామని ఇంజినీరు అన్నాడు. అంతవరకు సోమ, గురువారాలు తాతను పిలిచి పక్క వాల్వు తిప్పించమని అడిగితే, అలాంటి పోస్టు ఇప్పుడు లేదన్నాడు. తాత, "పోస్టు లేకపోతే పోనీ, చెయ్యి ఉంది" అని నిన్న తనే వచ్చి తిప్పి వెళ్లాడు. ఇవాళ పేజీలో తెలుపు అని రాశాను. పక్కన చిన్నగా 'సోమవారం సాయంత్రం పట్టినవి' అని కూడా రాశాను.

అందరూ మారిపోయారని అనుకోకు. ఆఫీసర్లను మేస్త్రి మేనేజ్ చేసుకున్నాడని టీచరమ్మ మెట్ల మీద ఎవరితోనో అంటూ ఉంటే విన్నాను. "లెక్కలమ్మగారు మెత్తటి మనిషి, మేస్త్రి భార్య ఏడుపు చూసి మాట మార్చేసింది" అని కూడా అంది. అవునన్నప్పుడు నన్ను నమ్మినవాళ్లే కాదన్నప్పుడు నన్ను నమ్మడం లేదు. మా వీధిలో ఉన్న ఇరవై ఆరు ఇళ్లకూ వెళ్లి ఒక్కొక్కరికి పుస్తకం చూపిస్తున్నాను. తొమ్మిది అయ్యాయి. ఇద్దరు కుర్చీ వేశారు, మిగతావాళ్లు గుమ్మంలోంచే విన్నారు.

శనివారం పొద్దున సీలు తీశారు. నేనూ వెళ్లాను. వెళ్లాలా వద్దా అని తెల్లవారిన దగ్గర్నుంచి ఊగిసలాడి, వెళ్లాను. ఏడుగురిలో నలుగురు వచ్చారు. గుమాస్తా లక్క పగలగొట్టి తాళం తీశాడు. లోపల నుంచి పుల్లటి వాసన గుప్పుమని కొట్టింది, తొట్లలో అన్నాళ్లూ నిలవ ఉన్న రంగు. మగవాళ్లందరూ లోపలికి పోయి తొట్లు కదపడం మొదలుపెట్టారు. మేస్త్రి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. నేను రోడ్డు మీద ఎండలో నిలబడ్డాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. క్షమించమనే మాట విచారణ గదిలోనే చెప్పాను, అప్పుడు ఆవిడ వినలేదో, వినీ ఊరుకుందో.

ఆవిడ నన్ను చూసి, గుమ్మంలో కాస్త పక్కకు జరిగింది.

లోపలికి వెళ్లి చీపురు అందుకున్నాను.

నీ అక్క